ఇబ్బంది పెడుతున్న జె-పౌచ్: ఉంచాలా, మళ్లీ ఇలియోస్టమీకి వెళ్లాలా? ఒక కేసు

నేను పెద్దపేగు, మలద్వార జబ్బులకు ఆపరేషన్లు చేసే సర్జన్‌ని. ఈ కేసులో ఆపరేషన్ పెద్ద కష్టమైనదేమీ కాదు. ఆ ఆపరేషన్ దాకా రావడానికి మాత్రం మాకు ఏడాదికి పైగా పట్టింది. అందులో దాదాపు సగం కాలం అనవసరంగా పోయింది, దానికి నేను కూడా కారణమే. అందుకే రాస్తున్నాను. పేషెంట్ అనుమతి ఉంది. ఎవరో గుర్తుపట్టడానికి వీల్లేకుండా కొన్ని వివరాలు మార్చాను, కొన్ని వదిలేశాను.

నేపథ్యం

ఆమెకు ముప్ఫై దాటాయి. పెళ్లయింది, పిల్లలు ఇంకా లేరు. ఇరవైల్లో అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే జబ్బు) వచ్చింది. కొన్నేళ్లు మందులతో నెట్టుకొచ్చాక జబ్బు ఒక్కసారిగా ముదిరింది. స్టెరాయిడ్ ఇంజెక్షన్లకు తగ్గలేదు, వాపు తగ్గించే ఇన్‌ఫ్లిక్సిమాబ్ మందుకీ తగ్గలేదు. వేరే చోట ఒక అర్ధరాత్రి ఎమర్జెన్సీగా పెద్దపేగు తీసేసి, చిన్నపేగు చివరను పొట్ట మీదికి తెచ్చి ఇలియోస్టమీ పెట్టారు. ఆ ఆపరేషనే ఆమె ప్రాణం నిలబెట్టింది. అయితే స్టోమా, అంటే పొట్ట మీద పేగు తెరుచుకునే ఆ నోరు, ఎక్కడ పెట్టాలో ముందుగా పొట్ట మీద గుర్తు పెట్టుకునేంత టైం లేదు. అది సరిగ్గా పొట్ట మడతలో పడింది. వాచి ఉన్న పేగు కావడంతో ముందుకు పొడుచుకు రాకుండా చర్మంతో దాదాపు సమానంగా ఉండిపోయింది.

స్టోమా మొన ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. 1952లో బ్రూక్ అనే బ్రిటిష్ సర్జన్ పేగు చివరను చొక్కా చేతిని పైకి మడిచినట్టు బయటికి తిప్పి కుట్టే పద్ధతి చెప్పారు. చిన్నపేగు నుంచి వచ్చే ద్రవంలో జీర్ణరసాలుంటాయి, అవి చర్మాన్ని కాల్చేస్తాయి. రెండు రెండున్నర సెంటీమీటర్ల మొన ఉంటే ఆ ద్రవం నేరుగా బ్యాగ్‌లో పడుతుంది. మొన లేకపోతే బేస్‌ప్లేట్ (బ్యాగ్‌ని చర్మానికి అంటించే పళ్లెం) కిందికి పాకుతుంది. ఆమెకు జరిగింది అదే. రోజుకు రెండు మూడు సార్లు లీక్. చర్మం ఎర్రగా పుండై, బ్యాగ్ అంటుకునేది కాదు, అంటుకోకపోతే మళ్లీ లీక్. ఆ ఆరు నెలల్లో తను ఇంటి గడప దాటింది హాస్పిటల్‌కి వెళ్లడానికేనని ఆమె చెప్పింది.

ఆరు నెలల తర్వాత జె-పౌచ్ చేశారు. అంటే పురీషనాళం కూడా తీసేసి, చిన్నపేగు చివరి 30-40 సెంటీమీటర్లను జె ఆకారంలో మడిచి సంచిలా కుట్టి, దాన్ని మలద్వారానికి కలపడం. లండన్ సెయింట్ మార్క్స్ హాస్పిటల్‌కి చెందిన పార్క్స్, నికల్స్ 1978లో మొదటి పౌచ్‌ల గురించి రాశారు. ఆ సంచి ఎస్ ఆకారంలో ఉండేది. జె ఆకారం ఆ తర్వాత రెండేళ్లకు జపాన్ సర్జన్ ఉత్సునోమియా నుంచి వచ్చింది. ఆమె విషయంలో పౌచ్‌ని మలద్వారానికి కలిపిన అతుకు దగ్గర లీకై, వెన్ను కింది ఎముక ముందు చీము పట్టింది. ట్యూబ్ పెట్టి తీశారు. ఐదు నెలలకు అంతా మానిందనుకుని, పౌచ్ మానేదాకా ఉంచిన తాత్కాలిక స్టోమా మూసేశారు. అప్పటి ఆ చీమే తర్వాతి కథంతటికీ మూలం. దాన్ని ఫైల్లో నేను మొదటి రోజే చదివాను. కానీ దాని బరువేంటో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

నా దగ్గరికి వచ్చినప్పుడు

పౌచ్ పెట్టిన నాలుగో ఏడు. మొదటి రెండేళ్లు ఫర్వాలేదట. బాగా పనిచేసే పౌచ్ ఉన్నవాళ్లు కూడా రోజుకు ఐదారు సార్లు, రాత్రి ఒకసారి బాత్రూమ్‌కి వెళ్తారు. అది మామూలే. ఈమె పగలు పదహారు, పదిహేడు సార్లు, రాత్రి నాలుగైదు సార్లు వెళ్తోంది. వెళ్లిన ప్రతిసారీ కొంచెమే వచ్చేది, ఇంకా మిగిలిపోయిందన్న భావన పోయేది కాదు. రాత్రిళ్లు లీక్, అందుకే ప్యాడ్లు. మలద్వారం చుట్టూ చర్మం పచ్చి పుండు. ఏడు కిలోల బరువు తగ్గింది. ఐరన్ తక్కువ, బి12 తక్కువ.

అప్పటికి పద్నాలుగు నెలలుగా యాంటీబయాటిక్స్ మీదే ఉంది. సిప్రోఫ్లాక్సాసిన్, మెట్రోనిడజోల్ మార్చి మార్చి. అరికాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాయని మాటల మధ్యలో చెప్పింది, అదేదో పెద్ద విషయం కానట్టు. మెట్రోనిడజోల్ ఎక్కువకాలం వాడితే నరాలు దెబ్బతింటాయి. బి12 లోపం కూడా అలాంటి తిమ్మిర్లే తెస్తుంది. ఆ రోజే మెట్రోనిడజోల్ ఆపేసి, బి12 ఇంజెక్షన్లు మొదలుపెట్టాను.

కన్సల్టేషన్ చివర్లో ఆమె అన్న మాట నేను నోట్స్‌లో ఉన్నదున్నట్టు రాసుకున్నాను. "డాక్టర్ గారూ, ఈ పౌచ్‌తో నాకు నిద్ర లేదు, బతుకు లేదు. కానీ ఆ బ్యాగ్ మాత్రం మళ్లీ వద్దు." మొదటి వాక్యానికి వైద్యం వెతకడంలో నేను ఆరు నెలలు గడిపాను. రెండో వాక్యాన్ని పట్టించుకోలేదు.

ఏం ప్రయత్నించాం, ఏవి పనిచేయలేదు

పౌచ్ ఉన్న మనిషికి ఎక్కువసార్లు మోషన్ అవుతుంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది పౌచైటిస్, అంటే పౌచ్ లోపలి పొర వాపు. కొలైటిస్ కోసం పౌచ్ పెట్టించుకున్న వాళ్లలో దాదాపు సగం మందికి ఎప్పుడో ఒకప్పుడు ఇది వస్తుంది. చాలామందికి రెండు వారాల యాంటీబయాటిక్‌తో తగ్గుతుంది. తగ్గనప్పుడు మందు మార్చే ముందు అసలు ఇది పౌచైటిసేనా అని అడగాలి. ఈమె విషయంలో పద్నాలుగు నెలల్లో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

కెమెరా వేసి చూశాను. లోపల వాపు ఉంది కానీ కొద్దిగా. రోజుకు ఇరవై సార్లు తిప్పేంత వాపు కాదు. ముక్క తీసి చేయించిన పరీక్షలో కూడా అదే. పేగుకి సోకే సి. డిఫిసిల్ బ్యాక్టీరియా లేదు, సైటోమెగాలో వైరస్ లేదు. పౌచ్ పైనున్న చిన్నపేగు శుభ్రంగా ఉంది, కాబట్టి చిన్నపేగునీ పట్టే క్రోన్స్ జబ్బు అనుమానం తగ్గింది. పౌచ్ కింద మిగిల్చిన పురీషనాళపు అంచు వాచితే కఫైటిస్ అంటాం, అదీ లేదు. నొప్పి మాత్రలు ఏవైనా వాడుతోందా అని కూడా అడిగాను, ఎందుకంటే ఐబూప్రొఫెన్ లాంటివి పౌచ్‌ని రేపుతాయి. వాడట్లేదు. లక్షణాలు ఆకాశంలో, కెమెరాలో కనిపించేది నేల మీద. ఈ తేడా కనిపించిన రోజే నా ఆలోచన వాపు నుంచి పౌచ్ ఆకారం మీదికి మళ్లాల్సింది. సగమే మళ్లింది.

అతుకు దగ్గర సన్నబడి ఉంది, నా వేలు కష్టంగా పట్టింది. మత్తిచ్చి రెండుసార్లు వెడల్పు చేశాను. మొదటిసారి మూడు వారాలు కాస్త హాయిగా అనిపించింది, తర్వాత మళ్లీ మొదటికొచ్చింది. ప్రెషర్ పరీక్షలో తేలిందేమిటంటే, ఆమె ముక్కినప్పుడు వదులవ్వాల్సిన కండరం బిగుసుకుంటోంది. బయోఫీడ్‌బ్యాక్, అంటే ఆ కండరాన్ని వదులు చేయడం నేర్పే శిక్షణ, చేయించాం. ఫిజియోథెరపిస్ట్ ఎంతో ఓపికగా ఎనిమిది సెషన్లు నేర్పింది. ముక్కడం తగ్గింది, పగటి లెక్క పదిహేడు నుంచి పదమూడుకు దిగింది. రాత్రి మాత్రం కదల్లేదు.

ఆ కొద్ది మెరుగుదలే మమ్మల్ని మోసం చేసిందని ఇప్పుడనిపిస్తుంది. పదమూడు కాబట్టి ఇంకొంచెం చేస్తే పది, ఇంకొంచెం చేస్తే ఎనిమిది అని లెక్కలు వేసుకున్నాం. గ్యాస్ట్రో డాక్టర్ వెడోలిజుమాబ్ మొదలుపెట్టారు. ఎడతెగని పౌచైటిస్‌కి పనిచేస్తుందని మంచి ట్రయల్ ఆధారం ఉన్న మందు అది, ఇవ్వడంలో తప్పు లేదు. పద్నాలుగు వారాలకు మళ్లీ కెమెరా వేస్తే లోపలి పొర నున్నగా, గులాబీ రంగులో ఉంది. వాపు పోయింది. ఆమె మాత్రం ముందటి రాత్రి నాలుగుసార్లు లేచి వచ్చింది.

మందు గెలిచినా పేషెంట్‌కి ఒరిగిందేమీ లేదు. ఆ రోజు ఎంఆర్‌ఐ ఫిల్ములు మళ్లీ తెరిచి రేడియాలజిస్ట్ పక్కన కూర్చున్నాను. పౌచ్ వెనక పాత చీము దగ్గర సన్నటి సైనస్, అంటే మానకుండా మిగిలిన చీము దారి, ఇంకా ఉంది. దాని చుట్టూ నల్లటి పట్టీలా మచ్చ కణజాలం పౌచ్‌ని వెనక నుంచీ పక్కల నుంచీ చుట్టేసింది. కాంట్రాస్ట్ నింపి తీసిన ఎక్స్‌రేలో పౌచ్ సాగడమే లేదు, కొంచెం నిండగానే ఆమెకు అర్జెంటు అయింది. సంచి అన్నాక సాగాలి. ఇది సాగని గొట్టమైపోయింది. ఏ మాత్రా ఆ మచ్చని కరిగించలేదు.

ప్రశ్న మారిన చోటు

అప్పుడు కూడా నేను మొదట తప్పుగానే మాట్లాడాను. "ఇక మిగిలిన చివరి దారి స్టోమా" అన్నాను. ఆమె తల దించుకుంది. తర్వాతి రెండు అపాయింట్‌మెంట్లకు రాలేదు.

నాతో పనిచేసే స్టోమా నర్స్ నాకు సూటిగా చెప్పింది. "మీరు దాన్ని ఓడిపోయిన వాళ్లకిచ్చేదిలా చెప్పారు సార్." నిజమే. మా పుస్తకాల్లో కూడా పౌచ్ తీసేయాల్సి రావడాన్ని పౌచ్ ఫెయిల్యూర్ అంటాం. ఆ మాట సర్జన్‌కీ తగులుతుంది, పేషెంట్‌కీ తగులుతుంది. నేను ఇన్నాళ్లు ఇంకో మందు, ఇంకోసారి వెడల్పు చేయడం అంటూ సాగదీయడంలో వైద్యం ఎంతో, ఆ మాటంటే భయం ఎంతో విడదీసి చెప్పలేను.

ఆమె తిరిగొచ్చినప్పుడు నర్స్ రెండు పనులు చేసింది. మొదటిది డైరీ. ఎన్నిసార్లు వెళ్లావన్న లెక్క మామూలుగా రాయించేదే. పక్కన ఇంకో గడి గీసింది: ఈ రోజు పౌచ్ వల్ల ఏం మానుకున్నాను? రెండు వారాల్లో ఆ గడి నిండిపోయింది. మీటింగ్‌కి వెళ్లలేదు. మధ్యాహ్నం తినలేదు, తింటే ఆఫీసులో వెళ్లాల్సొస్తుందని. చెల్లెలి బిడ్డని ఒళ్లో కూర్చోబెట్టుకోలేదు. ఒకరోజు గడిలో ఒకే మాట ఉంది: నిద్ర. మా కన్సల్టేషన్లలో పదమూడు, పదిహేడు అంటూ మాట్లాడుకున్నది ఈ బతుకు గురించని ఆ కాగితం చూసేదాకా నాకు పూర్తిగా ఎక్కలేదు.

రెండోది, పాత స్టోమా గురించి అడగడం. ఎక్కడ ఉండేది, ఎలా ఉండేది, ఎన్నిసార్లు లీకయ్యేది. ఆమె చెబుతుంటే విషయం తేటపడింది. ఆమె పోల్చుకుంటున్న రెండిటిలో ఏదీ ఇప్పుడు ఆమె ముందున్నది కాదు. పౌచ్ అంటే ఆ మొదటి రెండేళ్ల మంచి పౌచ్ మనసులో ఉంది. స్టోమా అంటే మడతలో పడిన, మొనలేని ఆ ఎమర్జెన్సీ స్టోమా. పోల్చాల్సింది ఇప్పటి ఈ సాగని పౌచ్‌ని, తీరిగ్గా చోటు చూసి చక్కగా కట్టిన స్టోమాతో.

మాటలతో ఇది నమ్మించలేం కాబట్టి చేసి చూపించాం. నర్స్ ఆమెను నిలబెట్టి, కూర్చోబెట్టి, ముందుకు వంచి పొట్ట చూసింది. మడతలు, పాత మచ్చలు, నడుం బెల్టు గీత తప్పించి, నిలువు కండరం మధ్యలో, ఆమె తల దించితే కళ్లకు కనిపించే చోట పెన్నుతో చుక్క పెట్టింది. పాతదానికి దాదాపు నాలుగు వేళ్లు పైన. అక్కడ బేస్‌ప్లేట్ అంటించి, బ్యాగ్‌లో నీళ్లు పోసి నాలుగు రోజులు అలాగే తిరగమంది. ఆమె దానితోనే ఆఫీసుకి వెళ్లింది, దానితోనే పడుకుంది. ఐదో రోజు వచ్చి చుక్కని ఇంకో సెంటీమీటరు పక్కకి జరపమని తనే అడిగింది, బట్టలకు తగులుతోందని. వద్దన్న మనిషి చోటు ఎంచుకుంటోంది. అదే వారం, ఎన్నో ఏళ్లుగా ఇలియోస్టమీతో ఉన్న ఇంకో పేషెంట్‌తో, ఇద్దరి ఇష్టంతో, మేమెవరం లేకుండా గంటసేపు మాట్లాడింది. ఏం మాట్లాడుకున్నారో నేనడగలేదు.

దారులు బేరీజు వేసుకోవడం

కాగితం మీద ఉన్న దారులన్నీ రాశాం. ప్రతిదాని పక్కన ఒక ప్రశ్న: నచ్చకపోతే వెనక్కి రాగలమా?

పౌచ్‌ని విప్పి మళ్లీ కట్టడం, అంటే రీడూ. చేసే చోట్లున్నాయి, కొందరికి బాగానే కుదురుతుంది. ఈమెకు కటి భాగం ఒకసారి చీము పట్టి మచ్చకట్టింది, పాత పౌచ్ పనికిరాకపోతే ఇంకో అడుగు పైనే చిన్నపేగు పోతుంది, మళ్లీ లీకయ్యే ప్రమాదం ఉంది. ఆమె ఒక్కమాటలో వద్దంది. కాక్ పౌచ్ అని ఇంకోటుంది. 1969లో స్వీడన్ సర్జన్ కాక్ చెప్పిన, పొట్ట లోపలే సంచి కట్టి ట్యూబుతో ఖాళీ చేసుకునే పద్ధతి. బ్యాగ్ అక్కర్లేదు. కానీ దాని వాల్వ్ జారిపోయి మళ్లీ మళ్లీ ఆపరేషన్లు పడటం తెలిసిందే, చేసేవాళ్లు తక్కువ, నేను చేయను. ఆ మాట చెప్పి, కావాలంటే చేసేవాళ్ల దగ్గరికి పంపుతానన్నాను.

పౌచ్ పూర్తిగా తీసేసి శాశ్వత ఇలియోస్టమీ పెట్టడం అసలైన పరిష్కారంలా కనిపిస్తుంది. కానీ మచ్చకట్టిన చోట లోతుగా కోయాలి. మూత్రం, లైంగిక స్పందన నడిపే నరాలు అక్కడే ఉంటాయి. మలద్వారం తీసేసిన గాయం నెలల తరబడి మానకపోవచ్చు. పిల్లలు కావాలనుకుంటున్న ఆమెకు గర్భాశయం, అండనాళాల చుట్టూ కణజాలం అతుక్కుపోవడం ఇంకా పెరుగుతుంది. పౌచ్ ఆపరేషన్‌తోనే గర్భం వచ్చే అవకాశం కొంత తగ్గి ఉంటుందని ఆమెకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదట. చెప్పాక చాలాసేపు మౌనంగా కూర్చుంది. ఫెర్టిలిటీ డాక్టర్ దగ్గరికి పంపాను.

మిగిలింది పౌచ్‌ని అలాగే ఉంచి, దాని పైన లూప్ ఇలియోస్టమీ (పేగుని పూర్తిగా కోయకుండా ఒక మెలికని బయటికి తెచ్చేది) పెట్టి మలం దారి మళ్లించడం. దీన్ని కొందరు సగం పని అంటారు. ఈమెకు ఇది సరిగ్గా సరిపోతుందనిపించింది. నచ్చకపోతే మూసేయొచ్చు, నచ్చితే తర్వాత ఎలాగో ఆలోచించొచ్చు, కటి భాగాన్ని ఇప్పుడు ముట్టుకోనక్కర్లేదు. సైనస్ మానుతుందని హామీ ఇవ్వలేనని, జిగురు కారుతూ ఉంటుందని కూడా చెప్పాను. ఒక ఒప్పందం పెట్టుకున్నాం: ఆపరేషన్ అయ్యాక ఆరు నెలల దాకా ఉంచాలా మూయాలా అన్న చర్చే వద్దు. ఆరు నెలల తర్వాతి తేదీ ఇద్దరం డైరీలో రాసుకున్నాం. ఆ తేదీ ఆమె టెన్షన్‌ని చాలా తగ్గించింది, రోజూ తీర్పు చెప్పుకోనక్కర్లేదు కాబట్టి.

ఆపరేషన్, ఆ తర్వాత

లాపరోస్కోపీతో, అంటే చిన్న రంధ్రాల ద్వారా, చేశాను. లూప్ స్టోమాకి మంచి మొన తేవడం విడి చివరతో తెచ్చినంత తేలిక కాదు. నర్స్ పెట్టిన చుక్క దగ్గరే, పై పేగుకి రెండున్నర సెంటీమీటర్ల మొన వచ్చేదాకా టైం తీసుకున్నాను. ఆ రోజు నేను చేసిన అతి ముఖ్యమైన పని అదే.

ఇంటికెళ్లిన తొమ్మిదో రోజు తల తిరుగుతోందని, మూత్రం రావట్లేదని తిరిగొచ్చింది. బ్యాగ్‌లోకి రోజుకు రెండు లీటర్లకు పైగా పోతోంది. మామూలుగా కుదురుకున్న ఇలియోస్టమీ నుంచి రోజుకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు వస్తుంది. కిడ్నీల పనితీరు చూపించే క్రియాటినిన్ పెరిగింది, సోడియం, మెగ్నీషియం పడిపోయాయి. ఎంత తాగుతున్నారని అడిగితే మూడు లీటర్ల నీళ్లంది. మేమిచ్చిన కాగితంలో నీళ్లు ఎక్కువగా తాగమని ఉంది. ఇది మా తప్పు. ఇలాంటప్పుడు ఉత్త నీళ్లు తాగేకొద్దీ ఒంట్లోని ఉప్పుని పేగులోకి లాగి బయటికి తోసేస్తాయి, దాహం ఇంకా పెరుగుతుంది. సెలైన్ ఎక్కించి, మెగ్నీషియం ఇచ్చి, ఉత్త నీళ్లు తగ్గించాం. బదులుగా లీటరు నీళ్లలో 20 గ్రాముల గ్లూకోజ్, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల సోడియం బైకార్బొనేట్ కలిపి రోజంతా గుక్క గుక్కగా తాగమన్నాం. తిండికి అరగంట ముందు, పేగు కదలికని నెమ్మది చేసే లోపెరమైడ్. ఐదు రోజుల్లో 800 మిల్లీలీటర్లకు దిగింది. ఆ కాగితం మార్చి రాశాం.

ఇంకో చిన్న విషయం. ఆరో వారంలో ఒకసారి చర్మం ఎర్రబడింది. ఆమె భయపడిపోయింది, పాతదే మళ్లీ మొదలైందని. వాపు దిగి స్టోమా చిన్నదైంది, బేస్‌ప్లేట్ రంధ్రం మాత్రం పాత సైజులోనే కత్తిరిస్తోంది. మళ్లీ కొలిచి చిన్నగా కత్తిరిస్తే వారంలో తగ్గింది.

ఆరు నెలల తేదీన

డైరీ తెచ్చింది. రాత్రి ఒకసారి లేచి బ్యాగ్ ఖాళీ చేసుకుంటోంది, కొన్ని రాత్రులు అదీ లేదు. ఐదు కిలోలు పెరిగింది. అరికాళ్ల తిమ్మిర్లు తగ్గాయి కానీ పూర్తిగా పోలేదు, పోతాయని చెప్పలేను. "మూసేద్దామా అని మీరు అడక్కండి, మూయను" అంది, నేను కూర్చోకముందే.

ఇప్పుడు తేలాల్సింది పౌచ్ తీసేయాలా అన్నది. మలం వెళ్లని పౌచ్‌లో జిగురు ఊరుతుంది, వాపు రావచ్చు, అప్పుడప్పుడూ కెమెరా వేసి చూస్తుండాలి. ఆమె పాత పెద్దపేగులో క్యాన్సర్‌కి ముందు వచ్చే మార్పులేవీ లేవు, లివర్‌లో పిత్తనాళాల జబ్బు లేదు. ఉండుంటే తీసేయమని గట్టిగా చెప్పేవాణ్ణి. లేవు కాబట్టి తొందర లేదు. పిల్లల సంగతి తేలేదాకా ఉంచుదామన్నది ఆమె నిర్ణయం, నేను పూర్తిగా ఒప్పుకున్నాను.

ఈ కేసు తర్వాత నా పద్ధతి కొంత మారింది. పౌచ్ ఇబ్బందితో ఎవరొచ్చినా, పాత ఆపరేషన్ తర్వాత చీము పట్టిందా అని మొదటి రోజే అడిగి, పట్టి ఉంటే పౌచ్ సాగుతోందా లేదా ముందే చూస్తున్నాను. ఏ వైద్యం మొదలుపెట్టినా ఎన్ని వారాలు చూస్తాం, రాత్రి నిద్రలో ఎంత మార్పు వస్తే పనిచేసిందనుకుంటాం అన్నది ముందే పేషెంట్‌తో కలిసి రాసుకుంటున్నాను. స్టోమా నర్స్‌ని ఆపరేషన్ ఖాయమయ్యాక పిలిచే అలవాటు మానేశాను, మొదటి నెలలోనే పరిచయం చేస్తున్నాను. కొందరు ఆమెతో మాట్లాడి పౌచే ఉంచుకుంటారు, అది కూడా వాళ్లు తెలిసి తీసుకున్న నిర్ణయమే. చివరి దారి అన్న మాట వాడట్లేదు.

ప్రస్తుతం ఆమెకు వారానికి రెండు మూడు సార్లు పౌచ్ నుంచి జిగురు వస్తుంది, బాత్రూమ్‌లో కూర్చుని వదిలేస్తుంది. సైనస్ మానలేదు కానీ ఎంఆర్‌ఐలో చిన్నదైంది. ఫెర్టిలిటీ డాక్టర్ దగ్గర చికిత్స నడుస్తోంది. పౌచ్‌కి మళ్లీ కెమెరా వేసేది ఏడాది నిండాక. అప్పటిదాకా నా దగ్గరికి రానక్కర్లేదని, ఏదైనా ఉంటే నర్స్‌కి ఫోన్ చేయమని చెప్పి పంపాను.